అష్టమి నాటి పోటు

నాకు కోపం ఎక్కువ. ఇది ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే నేను చెప్పబోయేదాంట్లో నేను అరిచిన సందర్భాలు చాలానే ఉన్నాయి. బందరులో నర్సు ట్రైనింగు చేసే రోజుల్లో మా పెద్ద సిస్టరు, ఈ పిల్ల చేతిలో పడ్డ రోగులు జబ్బు తగ్గి కాకపోయినా జడుపుతోనైనా లేచి కూర్చుంటారని అనేది. అది మెచ్చుకోలో తిట్టో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను పుట్టింది దివిసీమలో, నాగాయలంక దాటాక కృష్ణ పాయ ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్ళో. అమ్మా నాన్నా నా చిన్నతనంలోనే పోతే మా మేనమామ, అత్తయ్య నన్ను పెంచారు. మావయ్యకి పడవ ఉండేది. ఇవతలి ఒడ్డు వాళ్ళని అవతలి లంకకి దాటించడం ఆయన పని. పిల్లలు లేని ఇల్లు కాబట్టి ముద్దంతా నాకే దక్కింది, నా కోపానికి కూడా ఆ ముద్దే కారణమని అత్తయ్య అంటుండేది. ఊళ్ళో ఆడపిల్లలెవరూ ఏడో తరగతి దాటని రోజుల్లో నన్ను బందరు తీసుకెళ్ళి నర్సు చదువులో చేర్చింది మావయ్యే.

ఆ ఇంట్లో ఒక మాట ఉండేది. మా ఇంటి మగాళ్ళకి యాభయ్యో ఏడు రాదు, అని. మా తాత తెడ్డు చేతిలో ఉండగానే పడవలో కూలబడి పోయాడట. పెద్దమావయ్య పెరట్లో వల మడత పెడుతూ పక్కకి ఒరిగాడు, అది నేను కళ్ళారా చూశాను. ఇద్దరికీ యాభై నిండలేదు. ఆ మాట మా ఇంట్లో ఏడుస్తూ అనేవాళ్ళు కారు, రేవులో పడవ ఎన్నింటికి కదులుతుందో చెప్పినట్టు మామూలుగా అనేవాళ్ళు. నా చదువు పూర్తయ్యేసరికి మావయ్యకి నలభై ఎనిమిది. పడవ అడుగు చెక్క పుచ్చిపోతోంది, కొత్తది చేయించుకోరాదా అని ఎవరన్నా అడిగితే, “ఇది నాకు సరిపోద్దిలే” అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. మనిషి బతికుండగానే తన లెక్క తానే ముగించేసుకోవడం నాకు ఇప్పటికీ గిట్టదు.

అరవయ్యో దశకం మొదట్లో నేను పనిచేసే బందరు ఆస్పత్రిలో ఒక డాక్టరుగారు ఉండేవారు. గుడివాడ వైపు వ్యవసాయ కుటుంబం ఆయనది. నెమ్మదస్తుడు. ఆయన్ని ఒకటే ఆలోచన పట్టుకుని ఉండేది. పైకి ఆరోగ్యంగా ఉన్న మనిషికి బ్లడ్ ప్రెషరు ఎక్కువగా ఉంటే, ఏ నొప్పీ రాకముందే మాత్రలతో దాన్ని తగ్గిస్తే, రాబోయే గుండెజబ్బునీ పక్షవాతాన్నీ ఆపగలమా అని. ఇవాళ ఇది చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతిలా ఉంది గానీ, అప్పుడు తోటి డాక్టర్లే నవ్వేవారు. వయసుకి నూరు కలుపు, అంత ఉంటే సరి, అని వాళ్ళ లెక్క. వయసు పెరిగేకొద్దీ ప్రెషరు పెరగాల్సిందే, లేకపోతే నెత్తురు తలదాకా ఎక్కదనేవాళ్ళు. నలత లేదు మొర్రో అంటున్న మనిషి చేత మాత్ర మింగించడం ఏం వైద్యమని ఎగతాళి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆయన వెనక అనుకోవడం నేను విన్నాను. ఆయన ఎవరితోనూ వాదించేవారు కారు. నెలల తరబడి ఓడలో వచ్చే వైద్య పత్రికలు చదువుకుంటూ, తేలాలంటే మనమూ చూడాలి కదమ్మా అనేవారు.

చూడటానికి ఆయన దివిసీమ ఊళ్ళు ఎంచుకున్నారు. అక్కడి వాళ్ళు ఊరు వదిలి ఎక్కడికీ పోరు కాబట్టి ఏళ్ళ తరబడి అవే మనుషుల్ని చూడొచ్చని ఒక కారణం. ఉప్పుచేపలు, ఊరగాయలు లేనిదే ముద్ద దిగని ప్రాంతం కావడం ఇంకో కారణం. ఆ నీళ్ళలో పుట్టిందాన్ని కాబట్టి నన్ను వెంటబెట్టుకున్నారు. మాత్రల పెట్టె మద్రాసు నుంచి గుడివాడ జంక్షన్‌కి వచ్చి, అక్కడ బందరు బండిలోకి మారి మా ఆస్పత్రికి చేరేది. ప్రతి నెలా మొదటి సోమవారం నేను ఆ మాత్రలు, ప్రెషరు చూసే పాదరసం యంత్రం ఉన్న చెక్కపెట్టె పట్టుకుని చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా బస్సులో వెళ్ళేదాన్ని. ఒళ్ళో పెట్టుకున్న ఆ పెట్టెలో హార్మోనియం ఉందనుకుని పాట పాడమన్నవాళ్ళు కూడా ఉన్నారు.

మొదటి రోజు మా ఊళ్ళో చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుంటే ఒక్కరూ చెయ్యి ఇవ్వలేదు. పట్టీ చుట్టి నెత్తురు లాగేస్తారని పుకారు. ఆడవాళ్ళు గాజులు పగులుతాయన్నారు. డాక్టరుగారు ఏదో పేపర్లో చూసి మురిసిపోయిన తెలుగుమాట ఒకటుంది, రక్తపోటు అని. అది నేను గట్టిగా చెబితే గందరగోళం ఇంకా పెరిగింది. తలపోటు ఉన్నావిడ ఒకరు, కడుపులో పోటు ఉన్నావిడ ఇంకొకరు వచ్చి, ఆ పట్టీ ఇక్కడ కట్టమని తలా పొట్టా చూపించారు. ఇలా కాదని, రేవులో ఉన్న మావయ్యని పిలిపించి అందరి ముందూ కూర్చోబెట్టాను. ఆయన్ని చూస్తే ఊరికి ధైర్యం. నవ్వుతూ చెయ్యి చాపాడు. నేను రబ్బరు బుడ్డి నొక్కాను, మెల్లగా గాలి వదిలాను. రెండువందల గీతకి పైనే మొదటి చప్పుడు వినిపించింది.

పట్టీ విప్పి, చూశారా, ఏమీ కాలేదుగా, అని అందరి వంకా తిరిగి నవ్వాను. జనం వరస కట్టారు. ఆ పూట ముప్పైమందికి పైగా చూశాను, ఎవరి చెయ్యి పట్టుకున్నా మావయ్య అంకే కళ్ళముందు ఉంది. ఊరికి ధైర్యం చెప్పడానికి ఎవర్ని కూర్చోబెట్టానో, ఊళ్ళో అందరికంటే ప్రమాదంలో ఉన్నది ఆయనే.

సాయంత్రం ఇంట్లో చెప్పాను. మావయ్య ఆశ్చర్యపోలేదు. అదెప్పుడో రావాల్సిందేగా అన్నాడు. నేను అరిచాను. మాత్ర వేసుకోకపోతే ఈ ఇంటి గడప తొక్కనని ఒట్టు పెట్టాను. అత్తయ్యకి ఉప్పు తగ్గించమని చెబితే, ఇన్నేళ్ళూ లేని వంక ఇప్పుడు నా చేతి కూరకి పెడుతున్నావా అని ఆవిడకి పౌరుషం వచ్చింది. ఉప్పూ కారం తినే మనిషిని కాదనుకున్నావా నన్ను, అని మావయ్య కూడా ఆవిడ వైపే చేరాడు. కానీ మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్ళి చూస్తే, అత్తయ్య ఎండుచేపల్ని రెండు నీళ్ళు పోసి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోస్తోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

మాత్ర రోజుకొకటి. ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీటినీ మూత్రంలో బయటికి పంపేది. పొద్దున్నే వేసుకోమని నెలకి ముప్పై కాగితంలో కట్టి ఇచ్చాను. ఎన్నాళ్ళు వేసుకోవాలని ఎవరన్నా అడిగితే, ఈ నెలకి ఇవి, అని చెప్పి దాటేయమన్నారు డాక్టరుగారు. బతికినంతకాలం అంటే మొదటిరోజే పారిపోతారని ఆయన భయం.

తర్వాతి నెల వెళ్ళేసరికి మావయ్య అంకె దిగింది. నా ఆనందానికి హద్దు లేదు. ఆపై నెల మళ్ళీ మొదటికొచ్చింది. ఆ తర్వాత దిగింది, మళ్ళీ ఎక్కింది. ఆయనొక్కడిదే కాదు, మా ఊళ్ళో మాత్రలు తీసుకునే వాళ్ళలో సగం మందివి అలాగే ఎగిరి దూకుతున్నాయి. పక్క ఊళ్ళలో కుదురుగానే ఉన్నాయి. డాక్టరుగారు ముందు మాత్రల్ని అనుమానించారు, మార్చి చూశారు. యంత్రాన్ని అనుమానించారు, పాదరసం శుభ్రం చేయించారు. చివరికి నా కార్డులన్నీ బల్ల మీద పరిచి, అమ్మాయ్, నువ్వు సరిగ్గానే వింటున్నావా అని అడిగారు. ఇంకో రెండు నెలలు చూసి, ఆ ఊళ్ళో మందు పనిచెయ్యడం లేదని రాసేసి అక్కడ ఆపెయ్యాలన్నారు. ఆయన మెల్లగానే అన్నారు. నాకు మాత్రం కళ్ళ ముందు మావయ్య పెరట్లో పక్కకి ఒరుగుతున్నట్టు కనిపించింది.

సోమవారం దాకా ఆగలేక, సెలవు పెట్టి, యంత్రం పెట్టె పట్టుకుని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఊరికి వెళ్ళాను. మావయ్య రేవులో ఉన్నాడు. ఇంట్లోకి వెళ్ళి మాత్రల పొట్లం విప్పి చూస్తే, ఇరవై రోజుల్లో ఇరవై అయిపోవాల్సినవి అయిదే అయ్యాయి. పొట్లం పట్టుకుని రేవుకి నడిచాను. ఆ నడకలో నేను సిద్ధం చేసుకున్న తిట్లు ఇక్కడ రాయను.

పడవ ఒడ్డున కట్టేసి ఉంది. ఆయన ఒక్కడే కూర్చుని పడవ తోసే గెడ చెక్కుకుంటున్నాడు. ఇవి ఎందుకు మిగిలాయని అడిగితే, తెలియక అడుగుతున్నానేమోనని జాలిగా చూశాడు.

“నువ్వే కదే రక్తపోటని చెప్పావు. పోటు ఎప్పుడు వస్తదో నాకు నేర్పాలా?”

ఆ తర్వాత అంతా విడమరిచి చెప్పాడు. మా ఊళ్ళో పోటు అంటే సముద్రం పాయలోకి ఎక్కి రావడం. తిరిగి వెనక్కి పోతే ఆటు. అమావాస్యకీ పున్నానికీ పోటు జోరు, సప్తమి అష్టముల్లో దానికి బలం ఉండదు. మేము క్రైస్తవులమే, ఆదివారాలు చర్చివి, కానీ నీళ్ళ దగ్గర మాత్రం తిథులే లెక్క. పైగా నేను ఇచ్చిన మాత్ర ఒంట్లో నీళ్ళు తీసేది. అలాంటప్పుడు అనుమానం ఏముంది? అమావాస్యకీ పున్నానికీ అటు రెండు రోజులు, ఇటు రెండు రోజులు శ్రద్ధగా వేసుకుంటున్నాడు. బలం లేని రోజుల్లో డాక్టరుగారి మందు దండగ చెయ్యడం ఎందుకని దాచిపెడుతున్నాడు. ఆ మాత్ర వేసుకున్న పూట ఆడవాళ్ళతో నిండిన పడవ నడి పాయలో వదిలి ఎక్కడికీ పోలేక తలప్రాణం తోకకొస్తోందని కూడా చెప్పాడు.

మిగతా వాళ్ళు ఏం చేస్తున్నారని అడిగాను. పోటు సంగతి ఊళ్ళో తనకంటే ఎవరికి తెలుసని, అందరూ వచ్చి తననే అడుగుతున్నారట. ఎవరు ఏ రోజు వేసుకోవాలో తనే చెబుతున్నాడట. నా కార్డుల మీద అంకెలు ఎందుకు ఎగిరి దూకాయో అప్పుడు అర్థమైంది. నా మొదటి సోమవారం ఒక నెల పున్నం పక్కన పడేది, ఒక నెల అష్టమి పక్కన పడేది.

నేను అరిచాను. రేవంతా వినబడేలా అరిచాను. నీకు చావాలనుంటే నువ్వు చావు, ఊరినెందుకు చంపుతావు అన్నాను. ఆ మాట అని అరవై ఏళ్ళయినా, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మావయ్య గెడ పక్కన పెట్టి తల వంచుకున్నాడు. ఆయన్ని అలా చూశాక నా కోపం దిగిపోయింది. ఇంటికి పరిగెత్తి పెట్టె తెచ్చాను.

ఆ రోజు అష్టమి. పాయలో నీళ్ళు ఒడ్డుకి దూరంగా, కదలకుండా ఉన్నాయి. రేవు గుంజ మీద నాచు పట్టిన గుర్తు నీటికి చాలా పైన కనిపిస్తోంది. ఇవాళ పోటు ఉందా అని అడిగాను. లేదన్నాడు. ఆరు రోజులుగా మాత్ర వేసుకోలేదుగా అన్నాను. లేదన్నాడు. చెయ్యి ఇవ్వమన్నాను. పడవ అంచు మీద పెట్టె తెరిచి, పాదరసం ఆయన కళ్ళకి ఎదురుగా ఉండేలా తిప్పాను. స్టెతస్కోపు గొట్టం ఆయన చెవులకే పెట్టాను. ఎక్కడ చప్పుడు మొదలైతే అక్కడ గీత చూడమన్నాను. పుట్టినప్పటినుంచీ గుంజ మీద గుర్తులు చూసి నీటిమట్టం చెప్పిన మనిషికి ఆ గీతలు చదవడం నేర్పాల్సిన పని లేదు. రెండువందలకి పైనే చప్పుడు విన్నాడు. నమ్మకం లేక ఇంకోసారి చెయ్యమన్నాడు. చేశాను. మూడోసారి చేశాక గొట్టం తీసి ఒళ్ళో పెట్టుకుని పాయ వైపు చూశాడు.

“అయితే దీనికి ఆటు రాదా?” అని అడిగాడు.

“దానంతటది రాదు మావయ్యా. రోజూ మాత్ర వేసుకుంటేనే వస్తది. ఒక్కరోజు మానినా మళ్ళీ ఎక్కుద్ది.”

ఆయన పొట్లంలోంచి ఒక మాత్ర తీసి, కుండలో మంచినీళ్ళు ముంచుకుని అక్కడే మింగాడు.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక సాక్ష్యాలు చెప్పే వేళ మావయ్య లేచాడు. మా దగ్గర సాక్ష్యమంటే చేసిన తప్పు ఒప్పుకుని, దేవుడు తనని ఎలా మార్చాడో నలుగురిలో చెప్పడం. తాగుడు మానిన వాళ్ళు, తగువులు మానిన వాళ్ళు చెబుతారు. మావయ్య రక్తపోటు గురించి చెప్పాడు. “నేను మీకు పోటు తప్పు చెప్పాను, నన్ను క్షమించండి” అన్నాడు. పాయలో పోటుకి చంద్రుడున్నాడు, ఒంట్లో పోటుకి తిథి లేదు, అష్టమి నాడు తన కళ్ళతో చూశానని వివరించాడు. పాస్టరుగారు ఏం చెయ్యాలో తెలియక ఆమెన్ అన్నారు. అత్తయ్య సిగ్గుతో కొంగు కప్పుకుంది. అంతటితో ఆగకుండా ఆయన అవతలి పేటకి కూడా వెళ్ళి ఇల్లిల్లూ తిరిగి అదే చెప్పి వచ్చాడు.

బందరు వచ్చి డాక్టరుగారికి సంగతంతా చెప్పాను. తిడతారనుకున్నాను, లేదా నవ్వుతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి, ఆటుపోట్ల లెక్క మొత్తం నా చేత మళ్ళీ చెప్పించుకుని కాగితం మీద రాసుకున్నారు. పాత కార్డుల మీద అమావాస్యలూ పున్నాలూ గుర్తు పెట్టి చూస్తే, అంకెలు దిగిన నెలలన్నీ వాటి పక్కనే ఉన్నాయి. మందు పనిచేస్తోందమ్మా, మనమే సరిగ్గా చెప్పలేదు, అన్నారు. అంత సంతోషంగా ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. మాత్ర మానితే ఎక్కడం, వేస్తే దిగడం మా మావయ్య పంచాంగం పుణ్యమా అని ఆయనకి స్పష్టంగా కనిపించింది.

ఆ రోజు నుంచీ మా ఊరి అంకెలు కుదురుకున్నాయి. అందరివీ కాదు. ఎండుచేపలమ్మే ఒక ముసలావిడకి ఆ మధ్యలోనే మూతి వంకర పోయింది, తన తిథుల వల్లేనని మావయ్య చాలాకాలం కుమిలాడు. అలా అని చెప్పలేమని డాక్టరుగారు అన్నా ఆయన మనసు ఒప్పుకోలేదు. ఆవిడ ఇంటికి రోజూ పొద్దున్నే వెళ్ళి, తన ఎదుటే మాత్ర మింగించి వచ్చేవాడు. కొన్నేళ్ళ తర్వాత పెద్ద పెద్ద దేశాల్లో కూడా, ప్రెషరు తగ్గిస్తే మనుషులు బతుకుతున్నారని తేలిందని డాక్టరుగారు ఒక పత్రిక తెచ్చి చూపించారు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆయన వేలు పెట్టి చూపించిన చోట ఏముందో పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఆయన ఆ ముక్కని రెండుసార్లు పైకి చదివి వినిపించారు.

దానికి చాలా ముందు, మొదటి మాత్ర ఇచ్చిన మూడో ఏట, డాక్టరుగారు స్వయంగా మా ఊరు వచ్చారు. అందర్నీ చూసి, చివర్న మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కార్డులో రాయడానికి మావయ్య వయసు అడిగాను. ఆయన చెప్పేలోపల గుమ్మంలోంచి అత్తయ్య, యాభై నిండి నాలుగు నెలలు అంది. చర్చిలో బాప్తిస్మం పుస్తకం చూపించుకుని వచ్చిందట, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. డాక్టరుగారు తనే పట్టీ చుట్టి చూశారు. బాగుందండీ, చాలా బాగుంది, అన్నారు. పడవ నడిపేవాణ్ణి అంత పెద్ద డాక్టరు అండీ అనడం మా పేటలో చాలా రోజులు చెప్పుకున్నారు.

మావయ్య చొక్కా చెయ్యి కిందికి దించుకుంటూ అడిగాడు. “ఇంకా ఎన్నాళ్ళు మింగాలండీ ఇవి?”

ఈ నెలకి ఇవి, అని నేను అనబోయాను. డాక్టరుగారు నా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపి, ఆయనకి నిజమే చెప్పారు.

“బతికున్నన్నాళ్ళూ వేసుకోవాలండి.”

మావయ్య చేతిలో ఉన్న పొట్లం వంక చూశాడు. నా కాళ్ళ దగ్గరున్న మాత్రల పెట్టె వంక చూశాడు. కాసేపు ఏదో లెక్క వేసుకున్నాడు.

“అయితే ఇవేం చాల్తాయండీ,” అన్నాడు. “చాలా మాత్రలు పట్టేట్టున్నాయి.”

డాక్టరుగారు నవ్వారు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను తల ఎత్తకుండా కార్డు నింపుతూ కూర్చున్నాను, అంకె రెండుసార్లు తప్పు రాసి కొట్టేశాను.